ఆయిల్ పామ్ ‘కర్మ’ ఎలా దొరికింది

ఆయిల్ పామ్‌కు పిలకలు రావు. అంటు కట్టడానికి కొమ్మలూ ఉండవు. ఉన్నది ఒక్కటే మొవ్వు, అది తీస్తే చెట్టే పోతుంది. బాగా కాసే చెట్టును అచ్చంగా అలాగే మళ్లీ పెంచాలంటే టిష్యూ కల్చర్ ఒక్కటే దారి. 1970లలో ఆ పద్ధతి చేజిక్కింది. మలేసియాలో క్లోన్ మొక్కలు నాటారు.

కాపు మొదలయ్యాక గానీ అసలు సంగతి బయటపడలేదు. ఆడ పువ్వులో మామూలుగా ఆరు వట్టి కేసరాలు పేరుకు ఉంటాయి, ఎదగవు. కొన్ని క్లోన్ చెట్లలో అవే అండకోశాలుగా మారి, కాయ చుట్టూ ఆరు కండపట్టిన తమ్మెలయ్యాయి. కాయకు అంగీ తొడిగినట్టుండేది. దీనికి ‘మాంటిల్డ్’ అని పేరు పెట్టారు. లోపం ముదిరిన చెట్లలో గెలలే నిలవవు, నూనె దిగుబడి పడిపోతుంది. 1986లో ఈ సంగతి శాస్త్ర పత్రికలకెక్కింది.

ఒకే తల్లి చెట్టు కణాల నుంచి పుట్టిన మొక్కల్లో కొన్ని బాగుంటే కొన్ని చెడ్డాయి. చెడ్డవాటిలో కొన్ని ఏళ్లు గడిచాక వాటంతటవే బాగుపడ్డాయి కూడా! డీఎన్ఏ అక్షరాలే మారి ఉంటే ఇలా జరగడం కష్టం. దాంతో అనుమానం మిథైలేషన్ మీదికి మళ్లింది. డీఎన్ఏకు అక్కడక్కడ అంటి ఉండే ఈ చిన్న రసాయన గుర్తులు, ఏ భాగంలో ఏ జన్యువు మూసి ఉండాలో నిర్ణయించడంలో పాలుపంచుకుంటాయి. మాంటిల్డ్ చెట్లలో ఇవి మొత్తం మీద తగ్గాయని 2000లో ఫ్రెంచి పరిశోధకులు చూపారు. ఎక్కడ తగ్గితే కాయ చెడుతుందో తేలడానికి మరో 15 ఏళ్లు పట్టింది.

2013లో ఆయిల్ పామ్ జన్యుపటం వచ్చింది. దాదాపు 180 కోట్ల అక్షరాలు. ఆ పటం ఆధారంగా మలేసియా పామాయిల్ బోర్డుకు చెందిన మెయిలీనా ఓంగ్-అబ్దుల్లా, అమెరికాలోని కోల్డ్ స్ప్రింగ్ హార్బర్ ప్రయోగశాలకు చెందిన రాబ్ మార్టిన్సెన్, వారి సహచరులు మంచి, చెడ్డ క్లోన్ల మిథైలేషన్‌ను మొత్తం జన్యురాశి పొడవునా పోల్చారు. 2015లో జవాబు దొరికింది. పువ్వు భాగాలను తీర్చే డెఫిషియన్స్ అనే జన్యువు మధ్యలో ‘కర్మ’ అనే జంపింగ్ జీన్ (జన్యురాశిలో చోటు మారగల డీఎన్ఏ ముక్క) దూరి ఉంది. దాని మీద మిథైల్ గుర్తులు నిండుగా ఉంటే పువ్వు సవ్యంగా వస్తుంది. అవి ఊడిపోతే జన్యు సందేశం కర్మ దగ్గర తప్పుగా అతుక్కుని, మధ్యలోనే ఆగిపోతుంది.

అంతకంటే విలువైనది ఇంకోటుంది. కాపు దాకా ఆగక్కర్లేదు, నర్సరీ మొక్క ఆకులోనే ఈ తేడా పట్టవచ్చు. మన దేశంలో ఆయిల్ పామ్ సాగుకు ముందున్నవి ఆంధ్రప్రదేశ్, తెలంగాణలే. ఇక్కడి రైతుకు టిష్యూ కల్చర్ మొక్క ఇచ్చేవారెవరైనా ఆ ఆకు పరీక్ష ఫలితం చేతిలో పెట్టాకే నాటించాలి.