కృష్ణా డెల్టాలో చలికాలపు ఆటలు, చలి కాపు

దిగువ కృష్ణా డెల్టాలో ఆరుబయట ఆటలకు అసలు కాలం చలికాలమే. వేసవిలో ఎండ బయట నిలవనివ్వదు, వానాకాలంలో నేలంతా బురద. సార్వా (ఖరీఫ్) కోతలు మొదలైన దగ్గర్నుంచి శివరాత్రి దాకా ఉండే రోజులే చెడుగుడుకు, బిళ్ళంగోడుకు, ఎడ్ల పందేలకు అనువైనవి. అందుకే ఇక్కడ ఆటలతో పాటే చలిని తట్టుకునే పద్ధతులూ పెరిగాయి.

సముద్రం దగ్గర కావడంతో జనవరిలో కూడా మచిలీపట్నంలో రాత్రి ఉష్ణోగ్రత సగటున 20 డిగ్రీల చుట్టుపక్కలే ఉంటుంది. వణికించేది తేమ. 1855 నాటికి బెజవాడ దగ్గర ఆనకట్ట పూర్తయి, కాలువ నీరు డెల్టా అంతటా పారడం మొదలయ్యాక ఊళ్ళ చుట్టూ నీళ్ళు నిలిచే నేల పెరిగింది. గుడివాడకు ఈశాన్యాన కొల్లేరు, దివిసీమకు రెండు పక్కలా కృష్ణ పాయలు, కింద సముద్రం. ధనుర్మాసపు తెల్లవారుజామున పొగమంచు దిగితే గడ్డిపోచ కూడా నీళ్ళు కారుస్తుంది. ఆ నేల మీద వట్టి కాళ్ళతో దిగినవాడికి చలి పాదాల నుంచే ఎక్కుతుంది.

కోసిన చేను కూడా ఆటకు దొరకదు. వరి కోతకు రెండు మూడు రోజుల ముందే, తడి ఆరకముందే, నిలిచి ఉన్న పైరులోనే మినుములు చల్లడం ఈ డెల్టా రైతుల పాత అలవాటు. కోత అయ్యేసరికి మొలక లేస్తుంది, దాన్ని తొక్కనివ్వరు. కాబట్టి ఆటలు కళ్ళాల్లో, గుడి ముందు ఖాళీ జాగాల్లో, కాలువ గట్ల మీద సాగేవి. దివిసీమ తీరపు ఊళ్ళలో ఇసుక నేల ఉండేది, మంచు కురిసినా త్వరగా ఆరేది. చలిమంటను మాత్రం వరి కుప్పలకు దూరంగా వేసుకునేవారు. ఒక్క నిప్పురవ్వ ఏడాది పంటను కాల్చేయగలదు. తాటాకులు, కొబ్బరి మట్టలు, పిడకలే అందులో ఇంధనం. భోగినాడు ఇదే మంట పండుగ రూపం తీసుకునేది.

చలి లెక్క బాగా తెలిసే ఆట చెడుగుడు, అంటే కబడ్డీ. ఆటగాడు గోచీతోనో, నిక్కరుతోనో బరిలోకి దిగాలి, ఒంటి మీద గుడ్డ ఉంటే పట్టుకునేవాడికి దొరికిపోతాడు. ఊపిరి బిగబట్టి కూత పెడుతూ పోయి రావడంలో ఒళ్ళు దానంతటదే వేడెక్కుతుంది. ఇబ్బందంతా చచ్చి బయట కూర్చున్నవాడిది. పూర్వం ఈ ఆటకు మూడు పద్ధతులుండేవి. అమర్ పద్ధతిలో అవుటైనా ఆడుతూనే ఉంటారు. సంజీవనిలో అవతలివాడు చస్తే ఇవతలివాడు బతుకుతాడు. గామినిలో జట్టు మొత్తం చచ్చేదాకా బయటే కూర్చోవాలి. చెమట పట్టిన ఒళ్ళు మంచు గాలికి చల్లబడితే కండరాలు బిగుసుకుంటాయి, మళ్ళీ దిగగానే తొడ పట్టేస్తుంది. అందుకే బయటికి వచ్చినవాడు ఒళ్ళు తుడుచుకుని, దుప్పటి కప్పుకుని, పిలుపు వచ్చేదాకా అలాగే ఉండాలి. 1950లో అఖిల భారత కబడ్డీ సమాఖ్య ఏర్పడ్డాక స్థిరపడిన నియమాలు సంజీవని పద్ధతికి దగ్గరివి. చలి దృష్టితో చూసినా ఆ ఎంపిక మంచిదే.

ఎడ్ల బండలాగుడు పందేల్లో ఈ శ్రద్ధ పశువు మీదికి మళ్ళుతుంది. సంక్రాంతికి గుడివాడలో ఒంగోలు జాతి గిత్తలకు పేరున్న పోటీలు జరుగుతాయి. పళ్ళ లెక్కను బట్టి రెండు పళ్ళు, నాలుగు పళ్ళు, ఆరు పళ్ళు అని విభాగాలు చేసి, నిర్ణీత సమయంలో బండను ఎంత దూరం లాగాయో కొలుస్తారు. గిత్తలకు బలానికీ వేడికీ ఉలవలు ఉడికించి పెట్టడం రైతు అలవాటు. ఆ ఉడికిన నీటినే మరిగించి, చిక్కబరిచి మనుషులు తినే వంటగా మార్చింది కృష్ణా, గుంటూరు ప్రాంతాల వంటిల్లే. చలికాలపు భోజనంలో ఉలవచారు అలా చేరింది. నువ్వులూ బెల్లమూ కలిసిన అరిసెలను, భోగినాటి నూనె తలంటును కూడా జనం ఈ లెక్కలోనే చూశారు.

బట్ట సంగతి వేరు. ఇంగ్లీషువారు 1611లో వర్తక స్థావరం పెట్టిన బందరు (మచిలీపట్నం) నూలు బట్టలకు పేరుపొందిన రేవు. కోరమాండల్ తీరపు అద్దకం బట్టతో కుట్టి, లోపల దూది పెట్టిన పొడవాటి అంగీలను హాలండ్, ఇంగ్లండ్ దేశాల్లో సంపన్నులు ఇంట్లో చలికి తొడుక్కునేవారు. డెల్టాలో మాత్రం సామాన్యుడికి ముతక దుప్పటి, పాత చీరలతో కుట్టిన బొంత, తలకు చుట్టుకున్న తుండు, మహా అయితే గొర్రెల కాపరుల దగ్గర కొన్న కంబళి. ఉన్ని దుస్తులతో ఆడే అలవాటు క్రికెట్‌తో వచ్చింది. పూర్వీకులది మచిలీపట్నమైన సి.కె. నాయుడు 1932లో భారత జట్టుతో ఇంగ్లండ్ వెళ్ళి, జూన్ 25న లార్డ్స్‌లో మొదలైన తొలి టెస్టుకు కెప్టెన్‌గా ఉన్నాడు. ఫ్లానెల్ ప్యాంటు, ఉన్ని స్వెట్టరు అక్కడి చలికి అవసరం కొద్దీ పుట్టిన దుస్తులు. బంతి వేసే ముందు స్వెట్టరు విప్పడం, ఓవరు అవగానే తొడుక్కోవడం చెడుగుడు ఆటగాడి దుప్పటి నియమం లాంటిదే.

ఆటకు ముందు ఒళ్ళు వేడెక్కించే కసరత్తును బడుల్లో స్థిరపరచింది డ్రిల్లు మాస్టర్లు. 1920లో హ్యారీ క్రో బక్ మద్రాసులో స్థాపించిన వైఎంసీఏ వ్యాయామ కళాశాల అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీకి అలాంటి ఉపాధ్యాయులను తయారుచేసింది. కృష్ణా జిల్లా అప్పట్లో ఆ ప్రెసిడెన్సీలోదే. ఇటీవలి దశాబ్దాల్లో చలికాలం రాగానే ఆంధ్ర పట్టణాలకు వచ్చి టిబెటన్లు అమ్మే స్వెట్టర్లు, తర్వాత ట్రాక్ సూట్లు దుప్పటి స్థానాన్ని తీసుకున్నాయి. నూలు చెమటకు తడిస్తే వెచ్చదనం పోతుంది, ఉన్ని తడిసినా కొంత నిలుపుతుంది. ఏది తొడుక్కున్నా ఆడేటప్పుడు పైబట్ట విప్పాలి, ఆట ఆపగానే తడి బనీను మార్చి పొడిగుడ్డ కప్పుకోవాలి. ఈ పాత నియమం నేటి పిల్లలకూ తప్పదు.