వలందపాలెం వాళ్ళ ఊళ్ళో

బందరులో వలందపాలెం ఉంది, పరాసుపేట ఉంది, ఇంగ్లీషుపాలెం ఉంది. పరాసులంటే ఫ్రెంచివాళ్ళు. వలందులంటే డచ్చివాళ్ళు, హాలండు పేరు మన నోళ్ళలో నాని ఒలందా, వలందా అయింది. బందరులో పుట్టి పెరిగిన మా అమ్మకి ఇది రిక్షా ఎక్కేటప్పుడు చెప్పే పేరే తప్ప చరిత్ర కాదు. పోయిన వేసవిలో నా దగ్గరికొచ్చినప్పుడు ఆమ్‌స్టర్‌డామ్ తీసుకెళ్తే, "అయితే ఇది వలందపాలెం వాళ్ళ ఊరన్నమాట!" అంది.

డామ్ స్క్వేర్‌లో ఇప్పుడు రాజభవనంగా ఉన్నది 1655లో టౌన్‌హాలుగా తెరిచిన కట్టడం. నేలంతా బురద కాబట్టి 13,659 కొయ్య దుంగలు దిగ్గొట్టి వాటి మీద కట్టారు. ఆ అంకె గుర్తుండటానికి ఒక చిట్కా ఉంది: ఏడాదికి 365 రోజులు, ముందొక ఒకటి, వెనకొక తొమ్మిది. లోపలి పెద్ద హాల్లో పాలరాతి నేల మీద ప్రపంచ పటాలు పరిచారు. ఊరి పెద్దలు భూగోళం మీద నడిచేవారన్నమాట. భవనం వెనక్కి వెళ్ళి తలెత్తితే ఇంకో శిల్పం: ఆమ్‌స్టర్‌డామ్ నగరం స్త్రీరూపంలో కూర్చుని ఉంటుంది, నాలుగు ఖండాలూ కానుకలు తెచ్చి ముందు పెడుతుంటాయి.

అమ్మ దాన్ని చాలాసేపు చూసి, "ఇంత డబ్బు వీళ్ళకెక్కడిదిరా?" అంది.

ఈ ప్రశ్నకి రెండు రెడీమేడ్ జవాబులున్నాయి. టూరిస్టు బ్రోషర్‌లో ఉండేది: కష్టపడ్డారు, తెలివైనవాళ్ళు. మన వాట్సాప్ గ్రూపుల్లో తిరిగేది: అంతా మన దగ్గర దోచుకున్నదే. రెండూ సగం సగమే.

ఆమ్‌స్టర్‌డామ్ ముందుగా బాగుపడింది మన సరుకుతో కాదు. బాల్టిక్ సముద్రం నుంచి తెచ్చిన ధాన్యం, కలప, ఉత్తర సముద్రంలో పట్టి ఉప్పులో ఊరేసిన హెర్రింగ్ చేపలు దాని మొదటి పెట్టుబడి. బాల్టిక్ వర్తకాన్ని వాళ్ళు ఇప్పటికీ 'తల్లి వ్యాపారం' అంటారు. గాలిమరలతో కలప కోశారు, తక్కువమంది నావికులతో నడిచే ఓడలు కట్టారు. 1602లో ఈస్టిండియా కంపెనీ పెట్టి షేర్లు అందరికీ అమ్మారు. ఒక డైరెక్టరు ఇంట్లో పనిమనిషి కూడా 100 గిల్డర్లు పెట్టింది. జీతంలో కొంత కంపెనీ షేర్లుగా తీసుకునే నాలాంటివాళ్ళందరికీ ఆవిడ పూర్వీకురాలే అనుకోవచ్చు.

ఇక మన సగం. కంపెనీవాళ్ళు 1605లో బందరు చేరారు, అప్పుడది గోల్కొండ సుల్తానుల రేవు. వాళ్ళకి కావలసింది జాజికాయ, జాపత్రి, లవంగాలు. అవి పండే దీవుల్లో మాత్రం యూరపు సరుకుకి గిరాకీ లేదు, మన తీరం బట్టలకి ఉంది. అందుకే హెండ్రిక్ బ్రౌవర్ అనే కంపెనీ ఉద్యోగి 1612లో కోరమాండల్ తీరాన్ని మొలుక్కా దీవులకు ఎడమచెయ్యిగా వర్ణించాడు. మగ్గం మీద మనవాళ్ళు నేసింది అక్కడ సుగంధద్రవ్యమయ్యేది. 1621లో కంపెనీ గవర్నర్ జనరల్ యాన్ పీటర్‌సూన్ కూన్, జాజికాయ గుత్తాధిపత్యం కోసం బాండా దీవుల మీద పడ్డాడు. సుమారు 15,000 మంది జనాభాలో చంపగా, ఆకలికి చావగా, బానిసలుగా తరలించగా మిగిలింది వెయ్యిమంది అని అంచనా.

నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టేది దీని తర్వాతి విషయం. ఈ కంపెనీ మన తీరం నుంచి బట్టలే కాదు, మనుషుల్ని కూడా కొని బటావియాకి ఓడలెక్కించింది. కరువు సంవత్సరాల్లో ఆ బేరం పెరిగేది. కొన్నది డచ్చివాళ్ళు, నిజమే. పట్టుకొచ్చి రేవులో అప్పగించిన దళారులు మాత్రం ఇక్కడివాళ్ళే. 'దోచుకున్నారు' అనే మాట ఈ సంగతిని తేలిగ్గా దాటేస్తుంది, మనల్ని మొత్తంగా బాధితుల వైపు నిలబెట్టేసి.

డచ్చివాళ్ళు ఆ శతాబ్దాన్ని 'స్వర్ణయుగం' అని పిలుచుకుంటూ వచ్చారు. 2019లో ఆమ్‌స్టర్‌డామ్ మ్యూజియం ఆ మాట ఇక వాడబోమంది: పేదరికం, యుద్ధాలు, బానిసల వ్యాపారం ఆ పేరు కింద కనబడకుండా పోతున్నాయని. అప్పటి ప్రధాని మార్క్ రుట్టె అది అర్థంలేని పని అన్నాడు. అదే రుట్టె 2022 డిసెంబరులో బానిసత్వానికి ప్రభుత్వం తరఫున క్షమాపణ చెప్పాడు. మూడేళ్ళలో వచ్చిన ఈ మార్పు నాకు ఆ క్షమాపణ కంటే ఆసక్తిగా అనిపిస్తుంది. మన పాఠ్యపుస్తకాల్లోనూ స్వర్ణయుగాలకి కొదవలేదు. అవి ఎవరికి స్వర్ణమో పరీక్షల్లో ఎవరూ అడగలేదు.

ఇవన్నీ కాలవ గట్టున నడుస్తూ అమ్మకి చెప్పాను. అద్దకం బట్టని డచ్చిలో 'సిట్స్' అంటారన్నప్పుడు మాత్రం ఆగి, "చీటి గుడ్డ! మా అమ్మమ్మ పరికిణీలు" అంది. అవును, ఆ మాటే. బందరు, పెడన ప్రాంతాల్లో కలంకారీ అద్దేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. ఆ తీరంలో అద్దిన పాత బట్టలు ఇప్పుడు రైక్స్‌మ్యూజియం సేకరణలో ఉన్నాయి.

"మరి అద్దినవాడికి ఎంత ముట్టేది?" అంది అమ్మ.

కంపెనీ బయానా ఇచ్చేది వర్తకుడికి. వర్తకుడు తన వాటా ఉంచుకుని మగ్గం దగ్గరికీ అద్దకం దగ్గరికీ పంపేవాడు. బందరులో చనిపోయిన డచ్చివాళ్ళ సమాధుల మీద పేర్లు చెక్కి ఉంటాయి. బట్ట మీద అద్దినవాడి పేరుండదు. ఓడెక్కించిన మనుషులైతే లెక్కల పుస్తకంలో ఎక్కువగా తలల సంఖ్యగానే మిగిలారు. అమ్మ ఇంకేమీ అనలేదు. పడవ టిక్కెట్టు ధర రూపాయల్లో ఎంతవుతుందో అడిగింది, చెప్పాను, వద్దంది, నడిచే వెళ్ళాం.