అమ్మమ్మ గుడి, తాత మందిరం

మా నరసాపురం మాలపేటలో మా అమ్మమ్మది గుడి, మా తాతది మందిరం. గుడంటే ఆర్సీఎం. మందిరమంటే బ్రదరన్ వాళ్ళది. పండక్కి రెండువైపులవాళ్ళూ కలిశారంటే కూర ఉడికేలోపే వాదం మొదలయ్యేది.

"జపమాల బైబిల్లో ఏ అధ్యాయంలో ఉందో చూపించు చెల్లెమ్మా" అనేవాడు తాత.

"మీ బైబిలేమన్నా ఆకాశంలోంచి ఊడిపడిందా అన్నయ్యగారూ? దాన్ని కూర్చింది మా శ్రీసభే" అనేది అమ్మమ్మ, లేసు అల్లే చెయ్యి ఆపకుండా.

ఆవిడకి అక్షరం ముక్క రాదు. ఫాదరు గారి దగ్గర విన్న మాటే అది. డిగ్రీలో చరిత్ర చదివాక గానీ ఆ మాటలో బలం నాకు తెలీలేదు. కొత్త నిబంధన 27 పుస్తకాల జాబితా ఏసు చేతికిచ్చి పోయింది కాదు. ఉత్తర ఆఫ్రికాలో 393లో హిప్పో సభ, 397లో కార్తేజ్ సభ దాన్ని ఖాయం చేశాయి. అంతకుముందు మూడొందలేళ్ళు నోటిమాటగా, చేతిరాతగా దాన్ని మోసింది సంఘమే. లూథర్ తిరగబడ్డాక 1546లో ట్రెంట్ మహాసభ గ్రంథాన్నీ పారంపర్యాన్నీ సమానంగా గౌరవించాలంది. అర్థం చెప్పే హక్కు శ్రీసభదేనంది. 73 పుస్తకాలని తేల్చింది. తాత బైబిల్లో 66.

వాదం వరకూ అమ్మమ్మదే గెలుపు. కానీ అర్థం చెప్పే హక్కు పైవాళ్ళ చేతిలో ఉంటే కింద ఉన్న మావాళ్ళకి ఏం జరిగింది? మధురైలో డి నోబిలి బ్రాహ్మణుల్ని క్రైస్తవంలోకి తెచ్చాక, వాళ్ళు జంధ్యం, పిలక ఉంచుకోవచ్చని 1623లో పోపు 15వ గ్రెగరీ అనుమతించాడు. దాసుడికీ స్వతంత్రుడికీ తేడా లేదని పౌలు గలతీయులకు రాసిన ఉత్తరం అప్పటికే ఉంది కదా! 1744లో పోపు 14వ బెనెడిక్ట్, గురువులు పరయల ఇళ్ళలోకి వెళ్ళి రోగులకు సంస్కారాలు ఇచ్చితీరాలన్నాడు. ఆ నోటితోనే వాళ్ళకి వేరే గురువుల్ని పెట్టుకోడానికీ ఒప్పుకున్నాడు.

తాత దారి వేరు. 1836లో ఇంగ్లండు నుంచి వచ్చిన బౌడెన్, బీర్ కుటుంబాలు మా నరసాపురంలో మొదలెట్టిన దారి అది. ఆ సంఘంలో పట్టం పొందిన గురువు లేడు, పైన బిషప్పు లేడు. బైబిలు పట్టుకుని లేస్తే మగాడెవడైనా చెప్పొచ్చు. (ఆడవాళ్ళు ముసుగేసుకుని వినాలి. దాని మీద మా ఆడపిల్లలే రాయాలి.) పగలంతా కామందు ముందు చేతులు కట్టుకున్న మా తాత సాయంత్రం నిటారుగా నిలబడి రోమా పత్రికకి అర్థం చెప్పేవాడు. ఆయన అక్షరాలు దిద్దింది ఆ పుస్తకం మీదే. నన్ను బడికి తోసిందీ ఆ పుస్తకమే.

గుడి కూడా మారింది. గ్రంథం విశ్వాసులందరికీ అందుబాటులో ఉండాలనీ, బోధించే అధికారం దేవుని వాక్కుకి పైన లేదు, దానికి సేవ చేసేదేననీ 1965లో రెండో వాటికన్ మహాసభ చెప్పింది. పూజ లాటిన్ వదిలి తెలుగులోకి వచ్చింది.

నేను టీచరుగా చేరిన ఊళ్ళో ఒక గుడికి వెళ్ళాను. ముందు వరసలు ఒక కులానివి, వెనకవి మావి. ఇదేంటని అడిగితే "మన పారంపర్యం మాస్టారూ" అన్నాడొక పెద్దాయన. శ్రీసభ చెప్పే పారంపర్యం అపొస్తలుల నుంచి వచ్చిన బోధ. ఊరి కట్టుబాటుకి ఆ పేరు ఎవడు పెట్టాడు? ఏ మహాసభ వేసింది ఆ వరసలు?

అక్కడ గట్టిగానే అడిగాను. ఇంట్లో సంగతీ చెప్పాలి. మా చిన్నాన్న కూతురు ఒక మాదిగ కుర్రాణ్ణి చేసుకుంటానంది. గుడికెళ్ళే కుర్రాడే, ఉద్యోగస్తుడే. తాత కుదరదన్నాడు. అమ్మమ్మ "అన్నయ్యగారి మాటే నా మాట" అంది. నాకు ఊహ తెలిశాక వాళ్ళిద్దరూ ఏకమైంది ఆ ఒక్కసారే. బైబిల్లో ఎక్కడుందని తాత వెతకలేదు. శ్రీసభ ఏమందని అమ్మమ్మ అడగలేదు.

నేనూ అక్కడే కూర్చున్నాను. అప్పటికి నా బీయిడీ అయిపోయింది. చెల్లి నా వైపే చూస్తోంది. నేను నోరెత్తలేదు.