స్మార్ట్‌ఫోన్ ద్వారా స్థల గుర్తింపు: గ్రామీణ ప్రాంతాలలో వినియోగం

చిత్తూరు జిల్లా పెద్దపంజాణి మండలం వంటి ప్రాంతాలలో పొలాల నడుమ విడివిడిగా ఉన్న ఇళ్లకు వీధి పేరు ఉండదు. 'చింతచెట్టు దాటాక ఎడమకు' అన్న ఆనవాలు ఊరివారికి చాలును. రాత్రివేళ తొలిసారి వచ్చు 108 సిబ్బందికి చాలదు. 2005 ఆగస్టు 15న రాష్ట్రంలో ప్రారంభమైన ఈ సేవకు సరైన స్థలం తెలియడమే ప్రధానం.

గూగుల్ మ్యాప్స్‌లో కావలసిన చోట వేలిని కొద్దిసేపు అదిమి ఉంచిన యెడల ఎర్ర గుర్తు ఏర్పడి, అక్షాంశ రేఖాంశాలు లభిస్తాయి. అక్షాంశంలో దశాంశ బిందువు తరువాతి నాలుగవ అంకె సుమారు 11 మీటర్లకు సమానం. రెండు అంకెలతో ఆపినచో కిలోమీటరు వరకు తేడా రావచ్చును. ఉపగ్రహ సంకేతాలు అందుకొనుటకు ఇంటర్నెట్ అక్కరలేదు. డేటా లేనిచోట ఈ అంకెలను ఎస్.ఎం.ఎస్.గా పంపవచ్చును, లేదా ఫోనులో చదివి వినిపించవచ్చును.

వాట్సాప్‌లో 'ప్రస్తుత స్థలం' ఒక్కసారి పంపే గుర్తు మాత్రమే. 'ప్రత్యక్ష స్థలం' 15 నిమిషాలు, 1 గంట లేదా 8 గంటలపాటు కదలికను చూపుతుంది. రోగిని వాహనానికి ఎదురు తీసుకువెళ్లువారికి రెండవదే తగినది. పని ముగియగానే నిలిపివేయవలెను. బెంగళూరులోని కుమారుడు ఊరిలోని తల్లి కోసం తన ఫోను నుండి 'ప్రస్తుత స్థలం' పంపినచో చేరునది బెంగళూరు గుర్తే. అతడు ఇంటి స్థలాన్ని ముందుగానే మ్యాపులో భద్రపరచుకొనుట మేలు.

తపాలా శాఖ 2025 మే నెలలో ఆవిష్కరించిన డిజిపిన్, దేశాన్ని సుమారు 4 మీటర్ల గడులుగా విభజించి ఒక్కొక్కదానికి 10 అక్షరాంకెల సంకేతం కేటాయించినది. దీని రూపకల్పనలో హైదరాబాదు ఐ.ఐ.టి. పాలుపంచుకొన్నది. ఈ సంకేతం స్థలాన్ని మాత్రమే తెలుపుతుంది, నివాసి పేరును కాదు.