పొందూరు ఖాదీ వ్యాపారానికి భాషా నమూనాల తోడ్పాటు: అవకాశాలు, జాగ్రత్తలు

శ్రీకాకుళం జిల్లాలోని పొందూరు సన్నఖాదీకి పెట్టింది పేరు. మహాత్మాగాంధీ మన్ననలందుకున్న ఈ వస్త్రం తయారీలో నేటికీ చేతిపనికే ప్రాధాన్యం. వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వి నలుసులు తొలగిస్తారు. ఏకులను ఎండిన అరటి పట్టలో ఉంచుకుని, ఒంటి కదురు రాట్నంపై 100 నంబరు వరకు, అంతకు మించిన సన్నని నూలును సైతం మహిళలు వడుకుతారు. 1949లో ఏర్పడిన ఆంధ్ర ఫైన్ ఖాదీ కార్మికాభివృద్ధి సంఘం ఈ వృత్తికి అండగా నిలిచింది.

ఇంతటి నైపుణ్యం గల వస్త్రానికి తగిన ధర లభించాలంటే దాని విశిష్టత కొనుగోలుదారునికి తెలియాలి. దూరప్రాంతాల నుంచి హిందీ, తమిళం, ఇంగ్లీషు భాషలలో వచ్చే విచారణలకు సకాలంలో సమాధానం అందాలి. పరిమిత సిబ్బంది గల చిన్న సంస్థలకు ఇదే కష్టసాధ్యమైన పని. లార్జ్ లాంగ్వేజ్ మోడల్స్‌గా వ్యవహరించే భారీ భాషా నమూనాలు ఇక్కడ ప్రయోజనకరం కాగలవు. వడకడంలో గానీ, నేతలో గానీ వీటికి పాత్ర లేదు. సిద్ధమైన వస్త్రం గురించి కొనుగోలుదారునికి చెప్పవలసిన మాటను సిద్ధం చేయడం వరకే వీటి ఉపయోగం పరిమితం.

భాషా నమూనా అంటే

అపారమైన పాఠ్యాన్ని పరిశీలించి, ఒక మాట తరువాత ఏ మాట రాగలదో అంచనా వేసే విధంగా శిక్షణ పొందిన కంప్యూటర్ వ్యవస్థయే భాషా నమూనా. 2022 నవంబరు 30న చాట్‌జీపీటీ విడుదలతో ఈ పరిజ్ఞానం సామాన్య వినియోగదారులకు చేరువైంది. ఉత్తరాలు రాయడం, అనువదించడం, సుదీర్ఘ పత్రాల సారాంశం ఇవ్వడం వంటి పనులను ఇది నిమిషాలలో చేయగలదు.

వ్యాపార సంస్థలకు ఉపయోగాలు

* పంచె పొడవు, వెడల్పు, అంచు, నూలు నంబరు, ధర, ఉతికే విధానం తదితర వివరాలతో వస్తు పరిచయ పత్రాలను పలు భాషలలో రూపొందించుకోవచ్చు.
* కొనుగోలుదారుల లేఖలకు సమాధానాల ముసాయిదాలను త్వరితగతిన సిద్ధం చేసుకోవచ్చు.
* ఇంగ్లీషులో ఉండే టెండరు నిబంధనలు, సర్క్యులర్ల సారాంశాన్ని తెలుగులో తెలుసుకోవచ్చు.
* కొనుగోలుదారుల ఫిర్యాదులను రంగు, కొలత, రవాణా జాప్యం వంటి అంశాల వారీగా విభజించి, లోపం ఎక్కడ ఉందో గుర్తించవచ్చు.
* వృద్ధులైన వడుకరుల అనుభవాలను వారి మాటలలోనే రికార్డు చేసి, అక్షరరూపంలో భద్రపరచవచ్చు.

నిజ నిర్ధారణ తప్పనిసరి

భాషా నమూనా మాటల పొందికను నేర్చుకుంటుంది గానీ, వస్త్రాన్ని చూడదు, తాకదు. తగిన వివరాలు ఇవ్వకుండా పొందూరు పంచె గురించి రాయమని కోరితే, పట్టు కలిసినదనో, సేంద్రియ పత్తితో నేసినదనో, లేని నూలు నంబరునో జోడించే ప్రమాదం ఉంది. వాక్యం నమ్మదగినదిగా కనిపించడం వల్ల ఇటువంటి తప్పులు సులభంగా దృష్టికి రావు.

చేతితో వడికి, చేతితో నేసినదే ఖాదీ. 2013 నాటి ఖాదీ మార్క్ నిబంధనలు ఈ నిజాయితీని కాపాడే ఉద్దేశంతో వచ్చినవే. మరమగ్గం వస్త్రం కంటే పొందూరు వస్త్రానికి అధిక ధర చెల్లించే కొనుగోలుదారుడు ఆ మాటను నమ్మే చెల్లిస్తున్నాడు. ఒక్క అసత్య వర్ణన వల్ల అసలు వస్త్రం సైతం అనుమానానికి లోనుకాగలదు. అంతిమంగా ఆ నష్టం వడుకరి కూలిపైనే పడుతుంది.

చట్టపరమైన బాధ్యత కూడా విస్మరించరానిది. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం తప్పుదోవ పట్టించే ప్రకటనకు తొలిసారి రూ.10 లక్షల వరకు జరిమానా విధించవచ్చు. కెనడాలో ఎయిర్ కెనడా సంస్థ చాట్‌బాట్ ప్రయాణికునికి తప్పుడు సమాచారం ఇవ్వగా, ఆ బాధ్యత సంస్థదేనని 2024 ఫిబ్రవరిలో అక్కడి ట్రిబ్యునల్ తేల్చి చెప్పడం గమనార్హం.

తెలుగులో సౌలభ్యాలు, పరిమితులు

భారతీయ భాషలలో డిజిటల్ సేవల నిమిత్తం కేంద్ర ప్రభుత్వం 2022 జూలైలో భాషిణి వేదికను ప్రారంభించింది. ఐఐటీ మద్రాసులోని ఏఐ4భారత్ బృందం 22 షెడ్యూల్డు భాషలకు వర్తించే అనువాద నమూనాను 2023లో అందుబాటులోకి తెచ్చింది. అయినప్పటికీ ఇంగ్లీషుతో పోల్చితే శిక్షణకు లభించే తెలుగు పాఠ్యం తక్కువ. ఉత్తరాంధ్ర మాండలికం, వృత్తి పదాలు మరింత అరుదు. మాటను అక్షరరూపంలోకి మార్చే క్రమంలో ‘కదురు’ను ‘కుదురు’గా గ్రహించే అవకాశం లేకపోలేదు. కావున వృత్తి తెలిసిన వారు ప్రతి పత్రాన్ని సరిచూడవలసి ఉంటుంది.

ఆచరణ విధానం

సంస్థలు తొలుత ఒక్కొక్క రకం వస్త్రానికి సంబంధించిన ధ్రువీకృత వివరాలతో ఒక పత్రాన్ని తయారు చేసుకోవడం మేలు. ఆ పత్రంలో ఉన్న సమాచారం ఆధారంగానే రాయాలని, లేనిది చేర్చరాదని నమూనాకు స్పష్టంగా నిర్దేశించాలి. ఇలా నిర్దేశించినా తప్పులు తగ్గుతాయే తప్ప పూర్తిగా తొలగిపోవు. అందుచేత బాధ్యుడైన ఉద్యోగి ఆమోదం లేకుండా ఏ సమాధానమూ వెలువడరాదు. ధర, గడువు, తిరుగు చెల్లింపులకు సంబంధించిన హామీలను నమూనాకు వదిలివేయరాదు. కొనుగోలుదారుల ఫోన్ నంబర్లు, వడుకరుల ఆధార్, బ్యాంకు ఖాతా వివరాలను ఇటువంటి సేవలలో నమోదు చేయరాదు. వ్యక్తిగత సమాచార పరిరక్షణ నిమిత్తం పార్లమెంటు 2023లో ప్రత్యేక చట్టం చేసిన విషయం విదితమే.

తొలుత ఒక్క పనితో, ఉదాహరణకు వస్తు పరిచయ పత్రాలతో, ప్రారంభించి, ఆదా అయిన సమయాన్ని, సరిదిద్దవలసి వచ్చిన తప్పులను నమోదు చేసుకుంటే ప్రయోజనం ఏపాటిదో తేటతెల్లమవుతుంది. పలాస జీడిపప్పు, బుడితి ఇత్తడి సామగ్రి, బొబ్బిలి వీణల వ్యాపారాలకూ ఇదే విధానం వర్తిస్తుంది.

రాట్నంపై గడిపిన గంటలను ఏ యంత్రమూ తగ్గించలేదు. అయితే ఆ శ్రమ విలువను నలుగురికీ వారి వారి భాషలలో, ఉన్నది ఉన్నట్లుగా తెలియజేయడానికి ఈ పరిజ్ఞానం తోడ్పడగలదు. తద్వారా లభించే అదనపు రాబడిలో వడుకరికి, నేత కార్మికునికి న్యాయమైన వాటా చేరినప్పుడే దీని ప్రయోజనం సార్థకమవుతుంది.