గంజాయి విరామం: విశాఖ చరిత్రలో నమోదు కాని అంశం

విశాఖ మన్యపు గంజాయి చరిత్ర ప్రధానంగా సాగు, రవాణా, పట్టివేతల చరిత్రగానే లిఖితమైంది. నిత్యం వాడేవారు కొంతకాలం మానుకోవడం అందులో అరుదుగా కనిపిస్తుంది. 1893-94 నాటి భారత గంజాయి విచారణ సంఘం మిత వాడకాన్ని, అతి వాడకాన్ని వేరుచేసి చూసింది. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం ఆ భేదాన్ని పాటించలేదు; అందులోని 64ఎ సెక్షన్ మాత్రం స్వచ్ఛందంగా చికిత్స కోరే వ్యసనపరునికి షరతులతో ప్రాసిక్యూషన్ నుంచి మినహాయింపునిస్తుంది.

నిత్య వాడకంతో తగ్గిన మెదడులోని కన్నబినాయిడ్ గ్రాహకాలు సుమారు 4 వారాల విరామంలో చాలావరకు కోలుకుంటాయి. తొలి రోజుల్లో నిద్రలేమి, చిరాకు తరచుగా బాధిస్తాయి. విరామానంతరం పాత మోతాదే అధికం కావచ్చు. ఇటువంటి విరామం చికిత్సా కాదు, నేరాంగీకారమూ కాదు. అందుకే ఆసుపత్రి, పోలీసు పత్రాలు రెండింటికీ అందదు. ఆంధ్ర విశ్వవిద్యాలయాన్ని ఆనుకొన్న మద్దిలపాలెంలో దీనిని పరిశీలించాలంటే మౌఖిక చరిత్రే ఆధారం కావాలి. చెప్పినవారి పేరు గోప్యంగా ఉంచడం పరిశోధకుని తొలి బాధ్యత.