గేటు దగ్గర చద్దిమూట

దసరా సెలవుల్లో పిల్లల్ని థీమ్ పార్కుకు తీసుకువెళ్ళాలని ఇంట్లో తీర్మానమైంది. తీర్మానం చేసింది పిల్లలు, ఆమోదించింది మావారు, అమలు చేయవలసింది నేను. మా అత్తయ్య మాత్రం ఎవరినీ అడక్కుండా ముందురోజు రాత్రి వంటింట్లోకి వెళ్ళి చింతపండు నానబోశారు.

"నానమ్మా, అక్కడికి బయటి తిండి తీసుకురాకూడదట. టిక్కెట్టు మీదే రాశారు" అంది మా అమ్మాయి ఫోను చూపిస్తూ.

"బయటి తిండి ఎవరు తెస్తున్నారే? ఇది ఇంటి తిండి" అన్నారావిడ, గిన్నె మీద మూత పెడుతూ.

అందరం నవ్వాం. కాని పడుకున్నాక ఆ మాట నన్ను వదల్లేదు. మా చిన్నప్పుడు బయటి తిండి అంటే హోటలు తిండి. అది తింటే కడుపు పాడవుతుందని పెద్దలు కేకలేసేవారు. ఇప్పుడు గేటువాళ్ళ లెక్కలో మన వంటిల్లే 'బయట' అయిపోయింది! పిల్లల్ని తీసుకుని ఊరు దాటే ఆడదాని చేతిలో మూట ఉండడం అసలు ఎప్పటినుంచి ఉందో, ఆ మూటలో ఏమేం ఉండేవో ఒకసారి చూద్దామనిపించింది.

చద్దిమూటల చరిత్ర తీయాలంటే మనకు పోతనగారికి మించిన దిక్కు లేదు. ఆయన పదిహేనో శతాబ్దంవాడు. భాగవతం దశమస్కంధంలో కృష్ణుడు ఒకరోజు పెందలాడే లేచి, ఇవాళ అడవిలోనే తిందామని తోటి గోపబాలుర్ని లేపుతాడు. ఎవరి చల్దిమూట వాళ్ళు పట్టుకుని బయలుదేరతారు. దారిలో ఒకడి మూట ఇంకొకడు కాజేసి దూరంగా విసరడం, వాడు వెంటపడేసరికి మరొకడికి అందించడం! మన స్కూలు బస్సుల్లో ఇప్పటికీ జరుగుతున్నది ఇదే.

ఆ తర్వాత వాళ్ళకు అఘాసురుడు ఎదురవుతాడు. కొండచిలువ రూపంలో నోరు తెరుచుకుని దారికి అడ్డంగా పడుకుంటాడు. పిల్లలు అదేదో బృందావనంలో కొత్త వింత అనుకుని, గుహలా ఉందే అని ముచ్చటపడి, చప్పట్లు కొడుతూ నవ్వుతూ లోపలికి నడిచిపోతారు. థీమ్ పార్కులో చీకటి సొరంగంలోకి కేరింతలు కొడుతూ వెళ్ళే పిల్లల్ని చూసినప్పుడల్లా నాకు ఈ ఘట్టమే గుర్తుకొస్తుంది. కృష్ణుడు వాళ్ళను క్షేమంగా బయటికి తెచ్చాక అందరికీ ఆకలి! యమున ఒడ్డున కూర్చుని మూటలు విప్పుతారు.

అక్కడ కృష్ణుడి చేతిలో ఏముందో తెలుసా? మీగడ పెరుగు కలిపిన చద్దిముద్ద ఎడమచేతిలో, ఊరగాయ ముక్కలు వేళ్ళ సందుల్లో. సంస్కృత మూలంలో ఫలాలు అని ఉన్నచోట పోతన తెలుగింటి ఊరగాయ పెట్టాడు. అదీ ఊరికే తెచ్చుకున్నది కాదు, ఇంట్లో కొసరి కొసరి అడిగి తెచ్చుకున్నది. ఆ ఒక్కమాటలో ఒక తల్లీ, జాడీ దగ్గర చీర కొంగు పట్టుకుని వేలాడే ఒక పిల్లవాడూ కనపడరూ!

అన్నట్టు, ఆ ఊరగాయలో మిరపకారం ఉండడానికి వీల్లేదు. మిరప మనకు అమెరికా ఖండం నుంచి పోర్చుగీసు వర్తకుల ఓడల్లో పదహారో శతాబ్దంలో గాని రాలేదు. పోతననాటి కారం మిరియాలదే. ఇవాళ పులిహోరలో మనం ధారాళంగా వేసే వేరుశనగపప్పు పుట్టిల్లు దక్షిణ అమెరికా. పిల్లలు చిప్సు లేకపోతే కదలమంటారే, ఆ బంగాళాదుంపదీ ఆ వైపే. ఇది మన తాతముత్తాతల తిండి అని మనం బెత్తంతో చూపించేవాటిలో సగం సముద్రం దాటి వచ్చినవే. దాటిరానిది ఆ అన్నం, ఆ పెరుగు, ఆ కొసరడం.

పోతన నుంచి నాలుగు వందల ఏళ్ళు ఇవతలికి వస్తే ఏనుగుల వీరాస్వామయ్యగారు కనిపిస్తారు. మద్రాసు సుప్రీంకోర్టులో ద్విభాషిగా పనిచేసిన ఆయన 1830 మే 18న దాదాపు వందమంది పరివారంతో కాశీకి బయలుదేరి, 1831 సెప్టెంబరు 3న తిరిగి ఇల్లు చేరారు. ఆయన రాసిన 'కాశీయాత్ర చరిత్ర' 1838లో అచ్చయింది. పండితులు అందులో దేశచరిత్ర వెతుక్కుంటారు. నాకు మాత్రం అది చదువుతుంటే ఒక ఇల్లాలి పద్దు పుస్తకం చదువుతున్నట్టుంటుంది. ఏ మజిలీలో నీళ్ళు మంచివి, ఏ ఊళ్ళో అంగళ్ళున్నాయి, ఎక్కడ సామాను దొరుకుతుంది, ఎక్కడ దొరకదు, అన్నీ రాసుకున్నారు. పొద్దున బయలుదేరేముందు సాయంత్రం తిండి సంగతి ఆలోచించుకోకపోతే ఆ రోజుల్లో ప్రయాణమే లేదు.

తర్వాత రైలొచ్చింది. 1856లో రాయపురం నుంచి ఆర్కాటు వైపు, 1874లో వాడి నుంచి సికింద్రాబాదుకు. నెలల ప్రయాణం రోజులకు దిగింది. స్టేషన్లలో తిండి అమ్మకానికి వచ్చింది. అయినా మూట పోలేదు, ఇంకా పెద్దదైంది. డబ్బు ఆదా ఒక కారణం. రెండో కారణం చెప్పుకోవడానికి అంత బాగుండదు. అమ్మేవాడు ఎవరో, వండినది ఎవరో, అంటు ఏమవుతుందో అన్న భయం. బ్రిటిషువాళ్ళ కాలంలో ప్లాట్‌ఫారం మీద హిందువుల నీళ్ళు వేరు, ముసల్మానుల నీళ్ళు వేరు. కనుక ఏమాటకామాటే చెప్పుకోవాలి. మన మూటలో ప్రేమ ఉంది, జాగ్రత్త ఉంది, వాటికి అడుగున మడిగుడ్డలో చుట్టిన ఎడం కూడా ఉంది.

ఇక మూట కట్టే విద్య సంగతి. అది ఏ కాలేజీలోనూ చెప్పని శాస్త్రం. అన్నం పొడిపొడిగా వార్చి, వెడల్పు పళ్ళెంలో ఆరబోసి, నూనె, పసుపు, ఉప్పు, చింతపండు పులుసు పట్టిస్తే సాయంత్రందాకా చెడదు. పులుపూ ఉప్పూ కావలి కాస్తాయి. వేడిమీద మూత పెడితే మాత్రం చెమ్మపట్టి మధ్యాహ్నానికే పాసిపోతుంది. పెరుగన్నం పులవకుండా ఉండాలంటే అన్నంలో పాలు ఎక్కువ పోసి, పెరుగు చుక్క తోడుపెట్టి పంపిస్తారు. దారిలో అదే తోడుకుని తినేవేళకు కమ్మగా ఉంటుంది. కొబ్బరి పచ్చడి ప్రయాణానికి పనికిరాదు. ఇత్తడి గిన్నెలో పులిహోర పెట్టాలంటే లోపల కళాయి ఉండాలి, లేకపోతే కిలుమెక్కుతుంది. అందుకే చాలామంది అరిటాకు పొట్లాన్నే నమ్ముకున్నారు. స్టీలు క్యారియర్లు వచ్చాక కళాయివాడికీ పని పోయింది, ఆడవాళ్ళకూ ఆ బెంగ పోయింది. మరచెంబు అటకెక్కింది.

ఇంత విద్య నేర్చిన ఆడవాళ్ళకు ఆ మూట విప్పుకుని తామే కూర్చుని తినే రోజులు ఏడాదిలో ఎన్ని? కార్తీకంలో ఉసిరిచెట్టు కింద వనభోజనం ఒకటి. తెలంగాణలో సద్దుల బతుకమ్మ ఇంకొకటి. తొమ్మిదోనాడు పులిహోర సద్ది, పెరుగు సద్ది, నువ్వుల సద్ది, రొట్టె బెల్లం కలిపిన మలీద కట్టుకుని చెరువుగట్టుకు వెళ్ళి, బతుకమ్మను నీళ్ళలో సాగనంపి, ఒకరి సద్ది ఒకరికి పంచుకుంటారు. ఆడవాళ్ళు తమకోసం తాము కట్టుకున్న మూట అది. మిగతా రోజుల్లో మూట వెళుతుంది, కట్టినామె గుమ్మంలో నిలబడుతుంది.

స్వాతంత్య్రం వచ్చాక పిల్లల్ని చూపించడానికి తీసుకువెళ్ళే చోట్లు పెరిగాయి. 1963లో హైదరాబాదులో నెహ్రూ జంతు ప్రదర్శనశాల తెరిచారు. 1955లో శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగర్ నుంచి 1967లో కాలువలకు నీళ్ళు వదిలారు. ఆ తర్వాత స్కూలు ఎక్స్‌కర్షన్ అంటే సాగరే, సాగరంటే పులిహోరే.

నేనూ వెళ్ళాను, ఏడో తరగతిలో. నాగార్జునకొండకు లాంచీ ఎక్కేముందు చెట్టు కింద అందరం డబ్బాలు విప్పాం. నలభై డబ్బాల్లో ముప్ఫై పులిహోరలే. ఒకమ్మాయి మాత్రం చెట్టు మొదలు వైపు తిరిగి కూర్చుంది. ఆమె సత్తు డబ్బాలో చద్దన్నం, ఉల్లిపాయ, కొంచెం గోంగూర పచ్చడి. మా సోషల్ టీచరుగారు వెళ్ళి పక్కన కూర్చుని, "నాకో ముద్ద పెట్టవే" అని చెయ్యి చాపారు. తిని, "మీరంతా తెచ్చింది గుళ్ళో నైవేద్యం. కృష్ణుడు యమున ఒడ్డున తిన్నది మాత్రం ఇదే" అన్నారు. కొందరు పిల్లలు పరుగెత్తి చేతులు చాపారు. ఆ అమ్మాయి ముఖం చూడాలి మీరు!

నేను చెయ్యి చాపలేదు. వాళ్ళది ఏ పేటో నాకు తెలుసు, ఇంట్లో తెలిస్తే అమ్మమ్మ ఏమంటుందో కూడా తెలుసు. ఆమె నావైపు చూసింది. నేను లాంచీవైపు చూశాను. ముప్ఫై ఏళ్ళు దాటింది. సాగర్‌లో ఏం చూశానో సగం మరిచిపోయాను గాని ఆ చూపు మరిచిపోలేదు.

ఇక థీమ్ పార్కుల పుట్టుక సంగతి ఇంకా చిత్రం. వాల్ట్ డిస్నీ శనివారాల్లో తన ఇద్దరు కూతుళ్ళను లాస్ ఏంజెలెస్‌లోని గ్రిఫిత్ పార్కులో రంగులరాట్నం ఎక్కించి, తాను బెంచీ మీద కూర్చుని వేరుశనగకాయలు తినేవాడట. పిల్లలూ పెద్దలూ కలిసి ఆడుకునే చోటు ఒకటి ఉంటే బాగుండునని అక్కడే ఆయనకు తోచింది. ఆ ఆలోచనే 1955 జూలై 17న డిస్నీలాండుగా తెరుచుకుంది. మన దేశంలో 1984లో ఢిల్లీలో అప్పూఘర్ వచ్చింది, 2008లో మూతపడింది. హైదరాబాదు పక్కన ఫిలింసిటీ 1996లో వచ్చింది. చేతిలో శనక్కాయలున్న ఒక తండ్రి బుర్రలో పుట్టిన పార్కుల గేట్ల దగ్గర ఇవాళ మన శనగుండల డబ్బా ఆగిపోతోంది!

వాళ్ళ వైపు న్యాయమూ లేకపోలేదు. ఆకులూ ఎంగిళ్ళూ మనం ఎక్కడ పడేస్తామో మనకు తెలియనిది కాదు. లోపలి హోటళ్ళ వ్యాపారమూ ఉంది. 2023 జనవరిలో సుప్రీంకోర్టు సినిమా హాళ్ళ విషయంలో ఇలాంటి తగవే తీర్చింది. బయటి తిండి వద్దనే హక్కు యజమానికి ఉంది, కాని తాగేనీళ్ళు ఉచితంగా ఇవ్వాలి, పసిపిల్లలకోసం తెచ్చే ఆహారాన్ని ఆపకూడదు అని. చట్టానికి పసితనం రెండుమూడేళ్ళకే అయిపోవచ్చు. మా అత్తయ్యకు నలభై ఎనిమిదేళ్ళ మావారు ఇంకా పసివాడే.

అలా మర్నాడు పులిహోర, పెరుగన్నం, జంతికలు, సున్నుండలు, మంచినీళ్ళ సీసాలతో బయలుదేరాం. గేటు దగ్గర సంచులు చూసే అమ్మాయి ఇరవై ఏళ్ళది. "అమ్మా, ఇవి లోపలికి పోవు, ఏమనుకోకండి" అంది మర్యాదగానే. గేటు బయట వేపచెట్టు కింద కూర్చుని పదిన్నరకే భోజనాలు కానిచ్చాం. పిల్లలకు అదే పెద్ద వేడుక. అత్తయ్య లేచి ఆ అమ్మాయి దగ్గరికి వెళ్ళారు.

"నువ్వు తిన్నావా తల్లీ?"

"ఒంటిగంటకు తింటానమ్మా. డబ్బా తెచ్చుకున్నా." కుర్చీకి తగిలించిన సంచి చూపించింది. ఇంటి డబ్బా!

"ఏం తెచ్చావు?"

"జొన్నరొట్టె, వంకాయకూర."

అత్తయ్య ఒక ఆకులో పులిహోర, రెండు సున్నుండలు పెట్టి ఇచ్చారు. ఆ అమ్మాయి మొహమాటపడి, తన రొట్టె సగం తుంచి ఆవిడ చేతిలో పెట్టింది. మడి కట్టుకుని నలభై ఏళ్ళు వంట చేసిన మనిషి, ఏ పేట అని అడగకుండా, అక్కడే నిలబడి తిన్నారు. నాలో ఏదో బరువు కొంచెం తగ్గింది. మొత్తం తగ్గిందని మాత్రం చెప్పను. అది నేను తినవలసిన ముద్ద.

లోపల పిల్లలు రాట్నాలెక్కుతుంటే నేనూ అత్తయ్యా బెంచీ మీద కూర్చున్నాం.

"అత్తయ్యా, ఇలా ఎన్ని ప్రయాణాలకు మూటలు కట్టి ఉంటారు?"

"లెక్కేముందమ్మాయీ. మీ ఆయన బడిలో ఉన్నప్పుడు సాగర్ ఒక్కదానికే నాలుగుసార్లు కలిపాను పులిహోర."

"మీరు సాగర్ చూశారా?"

ఆవిడ నవ్వారు. "నా పులిహోర చూసిందిగా."

భాగవతంలో ఆ చద్దుల కథకు ఒక కొసమెరుపుంది. బ్రహ్మ ఆ పిల్లల్ని ఎత్తుకుపోయి ఏడాది దాచేస్తాడు. తిరిగి వచ్చిన పిల్లలకు ఏడాది గడిచిన సంగతే తెలియదు. నువ్వు లేకుండా ఒక్క ముద్దా తినలేదు, రా, తిందామని కృష్ణుణ్ణి పిలుస్తారు. తోడువాళ్ళు వచ్చేదాకా మూట విప్పని మర్యాద అది. మూట కట్టినవాళ్ళకోసం ఆగే మర్యాద మాత్రం మనం ఇంకా నేర్చుకోలేదు.

వచ్చే కార్తీకానికి సాగర్ ప్రయాణం పెట్టుకున్నాం. అత్తయ్య, నేను చేతులు ఊపుకుంటూ వెళ్ళాలని షరతు. పులిహోర బాధ్యత మావారిది. చింతపండు ఎంతసేపు నానాలని నిన్న వాళ్ళమ్మను అడుగుతుంటే విన్నాను.